ఫ్లెక్సీ మీద పదో తరగతి, నా బిడ్డ పోయేది ఆరో తరగతికి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న శుక్రవారం మా గల్లీలోకి ఒకరి వెనక ఒకరు మూడు బడుల సార్లు, మేడంలు వచ్చారు. పిల్లలను సర్కారు బడుల్లో చేర్పించే బడిబాట కదా. పొద్దున్నే మండల కేంద్రంలోని పెద్ద హైస్కూలు వాళ్ళు ఆటోకు మైకు కట్టుకుని వచ్చారు. ఆ ఆటో మూల తిరగకముందే పక్క ఊరి ప్రాథమికోన్నత పాఠశాల సారు బండి మీద వచ్చి దిగారు. మధ్యాహ్నం మంచి ఎండలో ఇంకో ఊరి చిన్న హైస్కూలు నుంచి ఇద్దరు మేడంలు, ఒకే గొడుగు కింద, నడుచుకుంటూ వచ్చారు. మా గల్లీలో ఈ ఏడు ఐదో తరగతి అయిపోయిన పిల్లలు నలుగురు. ఆ నలుగురి కోసం మూడు సర్కారు బడులు మా గుమ్మాల ముందు నిలబడ్డాయి. అందులో ఒకతె నా బిడ్డ.

పెద్ద హైస్కూలు వాళ్ళ ఫ్లెక్సీ మా అరుగంత ఉంది. దాని మీద పదో తరగతి పిల్లల ఫొటోలు, పక్కన మార్కులు. ఈ ఏడాది, 2025లో, ఉత్త గ్రేడ్లే కాకుండా మళ్ళీ మార్కులు కూడా ఇచ్చారు కాబట్టి ఆ అంకెలు ఇంకా పెద్దగా వేశారు. నేను మిషను మీద నుంచి లేచి వచ్చి ఒకటే అడిగాను. "సార్, నా బిడ్డ పోయేది ఆరో తరగతికి. ఆరులో లెక్కలు ఎవరు చెప్తారు?"

సారు ఫ్లెక్సీ వైపు చూశారు, నా వైపు చూశారు. "అందరూ చెప్తారమ్మా, మన దగ్గర స్టాఫ్ ఫుల్" అన్నారు. అందరూ ఎట్లా చెప్తారు? లెక్కలు ఒక్కరే చెప్తారు కదా. అడగబోయేలోపు మైకు మోగింది, ఆటో ముందుకు పోయింది.

ఆ రోజు నుంచి ఈ ఉత్తరం నా మనసులో తిరుగుతోంది. రాత్రి పని అయ్యాక రాస్తున్నాను. మాది రాజన్న సిరిసిల్ల జిల్లా. మండలం పేరు రాయను. రాస్తే బడి పేరు రాసినట్టే అవుతుంది, పిల్ల అక్కడెక్కడో చదవాలి. నా పేరు, చిరునామా మీకు వేరే కాగితం మీద పంపాను, అవి అచ్చు వేయకండి.

నేను చదివింది పది వరకే. కానీ మా మండలంలో సర్కారు బడుల గురించి నాకు తెలిసినంత చాలామందికి తెలియదని కొంచెం గర్వంగానే చెప్తాను. ఎందుకంటే నేను యూనిఫాంలు కుడతాను. మా ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని చేస్తాడు. మా జిల్లాలో నేసిన బట్టే రంగులద్దుకుని, కట్టలు కట్టుకుని తిరిగి మా మహిళా సంఘానికి వస్తుంది. ఇంట్లో ఆయన నేసిందీ నేను కుట్టిందీ ఒకే చొక్కా అయిందేమో ఎవరికి తెలుసు. జతకు ఇదివరకు 50 రూపాయలు ఇచ్చేవారు, ఇప్పుడు 75 చేశారు. దారం, గుండీలు, కాజాలు, ఓవర్‌లాక్ పోగా మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి, ఆ గొడవ ఇంకో ఉత్తరంలో రాస్తాను.

బట్ట రాకముందు ఏప్రిల్‌లో మేం టేపు పట్టుకుని బడి బడికి పోతాం. ఒక్కో తరగతిలో పిల్లలందరినీ వరసగా నిలబెట్టి కొలతలు రాసుకుంటాం. కలెక్టరు వచ్చినా, ఎంఈవో వచ్చినా ముందు ఫోన్ వస్తుంది, బడి ఊడ్చి పెడతారు. దర్జీ వస్తోందని ఏ బడీ ఊడ్చి పెట్టదు. ఒక్కో బడిలో రెండు రోజులు ఉంటాను. ఏ తరగతిలో ఎవరు పాఠం చెప్తున్నారో, ఏ తరగతి ఖాళీగా అరుస్తోందో, బాత్రూం తాళం ఎవరి దగ్గర ఉందో, అన్నం ఎట్లా ఉందో, అన్నీ కళ్ళబడతాయి.

ఇంకో సంగతి, నా కొలతల పుస్తకం పారేయను. 2023లో ఒక మేస్త్రీ కింద కుట్టినప్పటివి కూడా దాచాను. పెద్ద హైస్కూల్లో ఆ ఏడు ఆరో తరగతి ఆడపిల్లలకు 27 పంజాబీ డ్రెస్సులు, 27 వేస్ట్‌కోట్లు కుట్టాను. ఈ ఏప్రిల్‌లో అదే బ్యాచ్ ఎనిమిదికి పోతుంటే కొలతలు తీశాను. 19 మందే. ఎనిమిది మంది ఏమయ్యారని అడిగి రాసుకున్నాను. ముగ్గురు కేజీబీవీకి, అంటే ఆడపిల్లల సర్కారు హాస్టలు బడికి, పోయారు. ఇద్దరు ప్రైవేటు బడి పసుపు బస్సు ఎక్కారు. ఒకమ్మాయి తల్లిదండ్రులతో హైదరాబాద్ పోయింది. ఒకమ్మాయి సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకొక అమ్మాయిని నేనే చూశాను, వాళ్ళమ్మ పక్కన బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి తల దించుకుంది. ఆ పిల్ల పదో తరగతి దాకా రాదు కాబట్టి ఫెయిలు కూడా కాదు. ఆ బడి ఫలితం నూటికి నూరు అని మీ పేపర్లో వచ్చినప్పుడు ఆ నూరులో ఈ పిల్ల లేదు.

ఇప్పుడు మూడు బడుల గురించి చెప్తాను.

పెద్ద హైస్కూలు మాకు మూడు కిలోమీటర్లు. బస్సు ఉంది. 'మన ఊరు-మన బడి' కింద రంగులు వేశారు, కొత్త గదులు కట్టారు, గోడకు పెద్ద టీవీ లాంటి బోర్డు ఉంది. చూడ్డానికి ఎవరికైనా ఇక్కడే చేర్చాలనిపిస్తుంది. నేనూ అట్లాగే మా పెద్దవాణ్ణి చేర్చాను. వాడు ఇప్పుడు ఎనిమిది పూర్తి చేశాడు.

పోయిన ఏడు ఏం జరిగిందో చెప్తాను. ఆ బడిలో లెక్కలకు ఇద్దరు సార్లు. 2024 వేసవిలో పదోన్నతులు, బదిలీలు జరిగినప్పుడు ఒకరు వెళ్ళిపోయారు. పాపం ఆయనకు ఎన్నో ఏళ్ళకు వచ్చిన ప్రమోషను, సంతోషమే. మిగిలిన ఒక్క సారు తొమ్మిది, పది తీసుకున్నారు. ఆరు, ఏడు, ఎనిమిదికి లెక్కల పీరియడు అంటే గ్రౌండు పీరియడు అయింది. ఇదివరకైతే ఖాళీ ఉన్నచోట విద్యా వలంటీరును పెట్టేవారు, కరోనా తర్వాత అదీ పోయింది. డీఎస్సీలో ఎంపికైన వాళ్ళకు ఆర్డర్లు ఇచ్చింది అక్టోబరులో, దసరా సెలవుల్లో. కొత్త సారు వచ్చి చాక్‌పీసు పట్టేసరికి నా కొడుకు నాలుగు నెలలు లెక్కలు లేకుండా గడిపేశాడు. పోనీ వచ్చారు కదా అనుకున్నాం. మంచి సారు, చిన్న వయసు, పిల్లలతో నేల మీద కూర్చునేవారట. జనవరి రాగానే పదో తరగతికి పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు. ఆ సారునూ అటే లాగేశారు. ఆరు, ఏడు తరగతులు కలిపి ఒక హాల్లో కూర్చోబెట్టి, ఒక మేడంను కాపలా పెట్టారు. నేను ఏప్రిల్‌లో కొలతలకు పోయినప్పుడు ఆ హాల్లోనే తీశాను. నా పని మాత్రం తొందరగా అయింది.

ఇందులో సార్ల తప్పు ఎంత? వాళ్ళను నేను తప్పు పట్టను. పదో తరగతి ఫలితం తగ్గితే హెచ్ఎంకు మెమో వస్తుంది, మీ జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఏడో తరగతి పిల్లాడికి భాగాహారం రాకపోతే ఎవరికీ మెమో రాదు, వార్తా రాదు. ఎక్కడ లెక్క అడుగుతారో అక్కడే నీళ్ళు పోస్తారు. అయితే ఆ పిల్లాడే మూడేళ్ళకు పదికి వస్తాడు. అప్పుడు వాడికి రాత్రింబగళ్ళు స్పెషల్ క్లాసు పెట్టి పాస్ మార్కుల దాకా లాక్కొస్తారు. ఆ లాగుడు కోసం మళ్ళీ కింది తరగతుల సార్లను పట్టుకుపోతారు. ఇది ఎట్లా ఉందంటే, పక్క కుట్లు వదిలేసి కాలరు ఇస్త్రీ చేసినట్టు ఉంది.

పక్క ఊరి బడి ఒకటి నుంచి ఏడు దాకా. కిలోమీటరున్నర. ఆరు, ఏడు కలిపి పందొమ్మిది మంది. ఒకే గదిలో ఆరు ఇటు మొహం, ఏడు అటు మొహం. ఆ సారు ఈ వైపు లెక్క ఇచ్చి, ఆ వైపు పాఠం చెప్తారు. నవంబరులో ఇంటింటి సర్వే జరిగినప్పుడు ఆయన సగం పూట బడి, సగం పూట సర్వే. మా ఇంటికి వచ్చింది కూడా ఆయనే, ఆ కాగితాల్లో ప్రశ్నలు అడుగుతూ మధ్యలో మా పెద్దవాణ్ణి పన్నెండో ఎక్కం చెప్పమన్నారు. వాడు నీళ్ళు నమిలాడు. నాకు సిగ్గేసింది.

ఆ బడికి పెద్ద టీవీ బోర్డు లేదు. ఉన్న కంప్యూటరు ఒకటి, దాని మీద గుడ్డ కప్పి పసుపు బొట్టు పెట్టారు, ఆయుధ పూజ నాటిది. కానీ పిల్ల రెండు రోజులు రాకపోతే సారు బండి వాళ్ళ ఇంటి ముందు ఆగుతుంది. ఇప్పుడు పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి కదా. మిగతా చోట్ల పిల్లలు తెలుగు పేజీ చదివి, పరీక్షకు ఇంగ్లీషు పేజీ బట్టీ పడుతున్నారు. ఈ సారు తెలుగు పేజీ చదివించి, అదే మాట ఇంగ్లీషు పేజీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటారు. నేను కొలతలు తీస్తుంటే ఒక పిల్ల నా టేపు మీద 'ఇంచెస్' అన్న మాట చదివి, ఇది మా పుస్తకంలో ఉంది అంది. అంతకంటే ఏం కావాలి? కావాలి లెండి. సైన్సుకు వేరే సారు లేరు. ఏడు కాగానే మళ్ళీ బడి మారాలి. ఎనిమిదిలో కొత్త బడి, కొత్త మనుషులు. ఆడపిల్లల చదువు ఆగిపోవడానికి ఆ మారేచోటే మంచి సాకు దొరుకుతుంది, నేను చూశాను.

మూడోది చిన్న హైస్కూలు. నాలుగు కిలోమీటర్లు, అటు బస్సు లేదు. ఆరు నుంచి పది దాకా కలిపి అరవై మూడు మంది, ఈ ఏప్రిల్‌లో నేను లెక్కపెట్టినవాళ్ళు. అన్ని సబ్జెక్టులకూ టీచర్లు ఉన్నారు. ఒక్కో తరగతిలో పదకొండు నుంచి పదమూడు మంది. గొడుగు కింద నడిచి వచ్చిన మేడంలు ఈ బడి వాళ్ళే. పిల్లలు తగ్గితే పోస్టులు పోతాయని వాళ్ళ భయం, అది వాళ్ళు దాచలేదు. "మాకు పిల్లలు కావాలి, మీకు చదువు కావాలి, ఇద్దరికీ పని జరుగుతుంది" అంది అందులో పెద్ద మేడం. ఆ మాట నాకు నచ్చింది. ఫ్లెక్సీ లేదు, చేతిరాతతో జిరాక్సు తీసిన కాగితం. అందులో మూడో లైనులో, ఆరో తరగతికి లెక్కలు ఎవరు, సైన్సు ఎవరు అని రాసి ఉంది. నేను అడగకముందే.

మోడల్ స్కూలు, గురుకులం సంగతి కూడా రెండు ముక్కలు. చాలామంది "వాళ్ళ ఫలితాలు చూడండి, వీళ్ళవి చూడండి" అంటారు. గురుకులాలు ఐదో తరగతికే పరీక్ష పెట్టి తీసుకుంటాయి. మోడల్ స్కూలు ఆరో తరగతికి పరీక్ష పెట్టి వంద మందిని తీసుకుంటుంది. ముందు జల్లెడ పట్టి తీసుకున్న పిల్లల్నీ, వచ్చిన ప్రతి పిల్లనీ చేర్చుకునే బడినీ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అంటే ఏం చెప్పను? సర్కారు బడిలో మిగిలిన పిల్లలు తక్కువ వాళ్ళని నేను అనను, నా పిల్లలే వాళ్ళు. పోల్చడం పోలికగా ఉండాలి అంటున్నాను, అంతే.

నాకు తెలిసిన పోలిక ఒకటుంది, నవ్వకండి. కొలతలు తీసేటప్పుడు పిల్లలను అడుగుతాను. "ఛాతీ 26 వచ్చింది. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఎంత?" బట్ట కత్తిరించేటప్పుడు మాకు రోజూ కావాల్సిన లెక్క అది. ఏడో తరగతి వాళ్ళనే అడుగుతాను. పెద్ద హైస్కూల్లో పదకొండు మందిని అడిగితే ముగ్గురు చెప్పారు, ముగ్గురూ సాయంత్రం ట్యూషనుకు పోయేవాళ్ళు. మా పెద్దవాడిది ఎనిమిది, పైగా నా మిషను పక్కనే పెరిగాడు, కాబట్టి వాణ్ణి లెక్కలోకి తీసుకోను. చిన్న హైస్కూల్లో ఒక పిల్లాడు బోర్డు దగ్గరికి పోయి 26 బై 4 వేసి, 6.5 అని రాసి, 'సిక్స్ పాయింట్ ఫైవ్' అని చదివాడు. పక్క ఊరి బడిలో ఆరుగురిని అడిగితే నలుగురు చెప్పారు. ఒకమ్మాయికి మాత్రం నోటి లెక్క రాలేదు. నా చేతిలో టేపు తీసుకుని, 26 దగ్గర పట్టుకుని, ఒక మడత వేసింది, ఇంకో మడత వేసింది. "ఆరున్నర, అక్కా" అంది. నేను దర్జీ పనిలో పన్నెండేళ్ళుగా ఉన్నాను, నాకు ఎవరూ చెప్పలేదు ఆ ఉపాయం.

ఇది పరీక్ష కాదని నాకు తెలుసు. పదకొండు మంది, ఆరుగురు అంటే ఏం లెక్క అని పెద్దలు అంటారు. అనండి. నాకంటే మంచి లెక్క మీ దగ్గర ఉంటే బయట పెట్టండి.

సర్కారే పెట్టే స్కాలర్‌షిప్ పరీక్ష కూడా ఒకటుంది. ఎన్ఎంఎంఎస్ అంటారు. ఎనిమిదో తరగతి పిల్లలు రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు, ఏడాదికి 12,000 రూపాయలు పిల్లల బ్యాంకు ఖాతాలో పడతాయి. హాస్టలు పెట్టి చదివించే గురుకులాల పిల్లలు దీనికి పనికిరారు, కాబట్టి ఇది అచ్చంగా మా లాంటి బడుల పిల్లల కోసమే. మా పెద్దవాడి బడిలో పోయిన ఏడు ఈ సంగతి పిల్లలకు చెప్పినవాళ్ళు లేరు. నేను తెలుసుకునేసరికి అప్లికేషను గడువు దాటింది. చెప్పాల్సిన సారు బదిలీ అయ్యారట, ఆ పని ఎవరికి అప్పగించారో ఎవరికీ తెలియదట. చిన్న హైస్కూల్లో ఎనిమిదిలో ఉన్నది పదకొండు మంది. ఆ పెద్ద మేడం ఆగస్టు నుంచి సాయంత్రం నాలుగున్నర తర్వాత ఒక గంట కూర్చోబెట్టింది. ఆరుగురు రాశారు, ఇద్దరికి వచ్చింది.

12,000 అంటే నేను 160 జతలు కుట్టాలి. నాలుగేళ్ళ 48,000 అంటే 640 జతలు. మా వాడు రాస్తే వచ్చేదని నేను అనను. రాయనివ్వలేదు కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, లేచి మిషను మీద కూర్చున్నాను, కుడుతుండగానే తెల్లారింది.

ఇంకొకటి చెప్పాలి. ఆడవాళ్ళ సంగతి, పేపర్లో వేయడానికి ఇబ్బంది అనుకోకండి. ఆరో తరగతికి వచ్చిన ఆడపిల్లల్లో చాలామంది ఏడు, ఎనిమిది అయ్యేలోపు పెద్దమనుషులు అవుతారు. కొలతలు తీస్తుంటే చెవిలో చెప్తారు, "అక్కా, టాప్ కొంచెం పొడవు పెట్టు, వెనక". బడి వాళ్ళు ఇచ్చిన కొలత కంటే రెండు ఇంచులు ఎక్కువ పెడతాను, బట్ట నా దగ్గర మిగిలిన ముక్కల్లోంచి సర్దుతాను. కానీ పొడవు టాప్ బాత్రూం అవుతుందా? పెద్ద హైస్కూల్లో ఆడపిల్లలకు బాత్రూములు బాగానే కట్టారు. రెండింటికి తాళం, అవి స్టాఫ్‌వి. మిగతా వాటిలో రెండింటికి గొళ్ళెం లేదు. ఒక పిల్ల లోపలికి పోతే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడాలి. నెలలో నాలుగు రోజులు ఎవరు రావట్లేదో హాజరు పట్టీ తిరగేస్తే సార్లకే తెలుస్తుంది, చూడాలనుకుంటే.

మేడంలు పోయాక మా పిల్లను బండి మీద కూర్చోబెట్టుకుని మూడు బడులూ తిప్పాను. సెలవులు కదా, గేట్లు తెరిచి ఉన్నాయి, బడిబాట కోసం సార్లు కూర్చుని ఉన్నారు. దానికి టీవీ బోర్డు బాగా నచ్చింది. గ్రౌండు నచ్చింది. ఇంటికి వచ్చాక అన్నం తింటూ అంది, "అమ్మా, ఆ చిన్న బడిలో గొళ్ళెం పడుతుంది". పదేళ్ళ పిల్ల అది. ఏ అధికారి తనిఖీ కాగితంలో ఆ గడి ఉందో నాకు తెలియదు.

మా చెల్లెలి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. వాడు ఫోనులో చూపించాడు, దేశంలో ప్రతి బడికీ పదకొండు అంకెల యూడైస్ కోడు ఉంటుందట, అది కొడితే బడి వివరాలు వస్తాయి. వచ్చాయి కూడా. ఎన్ని గదులు, ఎంతమంది టీచర్లు, ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు, బాత్రూములు ఎన్ని. మంచిదే. కానీ గ్రంథాలయం ఉంది అని ఉంటుంది, అది తాళం వేసిన బీరువా అని ఉండదు. టీచర్లు ఇంతమంది అని ఉంటుంది, వాళ్ళలో ఎవరు ఆరో తరగతి గదిలోకి పోతున్నారో ఉండదు.

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. మా గల్లీలో రిటైరైన పంతులుగారు చెప్పారు, ఆరు నుంచి ఎనిమిది దాకా ప్రతి 35 మందికి ఒక టీచరు ఉండాలట, లెక్కలు-సైన్సుకు ఒకరు, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి అట. ఏడాదికి 220 రోజులు బడి నడవాలట. 220 రోజులు గేటు తెరిస్తే సరిపోతుందా, లెక్కల పీరియడు జరిగినట్టేనా అని అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి బడి గేటు పక్కన గోడకు నల్ల రంగు వేయండి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఏ సబ్జెక్టు ఎవరు చెప్తున్నారో సుద్దతో రాయండి. ఖాళీ ఉంటే ఎప్పటి నుంచి ఖాళీనో రాయండి. ఈ నెల లెక్కల క్లాసులు ఎన్ని జరిగాయో రాయండి. ఎన్ఎంఎంఎస్‌కు ఎంతమంది రాశారో, ఎంతమందికి వచ్చిందో రాయండి. పోయిన ఏడు ఆరులో ఉన్న పిల్లల్లో ఈ ఏడు ఏడులోకి ఎంతమంది వచ్చారో రాయండి. ఒక డబ్బా రంగు, నెలకో చాక్‌పీసు. మా సంఘం వాళ్ళం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్నాం, యూనిఫాం కుట్టించే పని, చిన్న రిపేర్ల పని మాకు ఇచ్చారు. ఈ గోడ పని కూడా మాకే ఇవ్వమని పోయిన మీటింగులో అడిగాను. "పై నుంచి ఆర్డరు రావాలి" అన్నారు. గోడకు రంగు వేయడానికి ఎంత పై నుంచి రావాలో అర్థం కాలేదు.

మీ పేపరును కూడా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు మీరు నాలుగు పేజీల ఫొటోలు వేస్తారు. అవి చూసే మా ఊళ్ళో జనం బడులు ఎంచుకుంటున్నారు, అవి చూసే హెచ్ఎంలు సార్లను అటు తిప్పుతున్నారు. జూన్ మొదటి వారంలో ఒక్క సగం పేజీ ఆరో తరగతికి ఇవ్వండి. మండలానికి ఒక విలేకరి ఉన్నారు కదా. మూడు బడులు తిరిగి, మూడు ప్రశ్నలు అడిగి రాయమనండి. ప్రశ్నలు దొరకకపోతే నా టేపు ఇస్తాను.

ఇంతకీ మా పిల్లను ఎక్కడ చేర్చావని అడుగుతారు. మా ఆయన పెద్ద హైస్కూలే అంటాడు, బస్సు ఉంది, అన్నయ్య ఉన్నాడు అని. అది కాదనలేని మాటే. నాకు మాత్రం ఆ జిరాక్సు కాగితం మీద మూడో లైను కళ్ళ ముందు కదులుతోంది. మూడు రోజులు మాటా మాటా అయ్యాక, ఆటో కుదిరితే చిన్న హైస్కూలుకే అని ఒప్పుకున్నాడు. ఆటో అతను నలుగురు పిల్లలు ఉంటేనే వస్తానన్నాడు, తక్కువైతే డీజిలు ఖర్చులకు కూడా రాదట. మా పిల్లతో కలిపి ముగ్గురు కుదిరారు. నాలుగో పిల్ల వాళ్ళమ్మ ఇంకా ఆలోచిస్తోంది. బడులు తెరిచేది జూన్ 12న. రేపు సాయంత్రం పని కాగానే మళ్ళీ వాళ్ళింటికి పోతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
యూనిఫాంలు కుట్టే ఒక తల్లి,
రాజన్న సిరిసిల్ల జిల్లా.